రాముడు రావణుణ్ణి చంపాడు: తెలుగు వరుస, ఇంగ్లీషు వరుస

"రావణుణ్ణి రాముడు చంపాడు", "చంపాడు రాముడు రావణుణ్ణి" అని ఎలా తిప్పినా చచ్చేది రావణుడే. ఆ "ణ్ణి" ఉన్నంతవరకు తెలుగు వాక్యానికి టెన్షన్ లేదు. అదే ఇంగ్లీషులో "రామా కిల్డ్ రావణా" అన్నదాంట్లో పేర్లు అటూ ఇటూ మారిస్తే రామాయణమే తలకిందులవుతుంది. అక్కడ పదం ఎక్కడుందన్నదే విభక్తి పని చేస్తుంది. పాత ఇంగ్లీషుకీ విభక్తులు ఉండేవి. అవి అరిగిపోయేకొద్దీ వరుస బిగుసుకుంది.

అలాగని తెలుగులో వరుసకు విలువ లేదనుకోవడం తప్పు. "ఈ ఇల్లు నాన్న కట్టాడు" అంటే కట్టింది ఎవరో చెబుతున్నాం. "నాన్న ఈ ఇల్లు కట్టాడు" అంటే నాన్న ఏం చేశాడో చెబుతున్నాం. క్రియకు ముందున్న చోటికే సాధారణంగా బరువెక్కువ. ఇంగ్లీషు ఇదే పనిని ఎక్కువగా గొంతులో ఒత్తితో చేస్తుంది. నాకు మాత్రం తెలుగు పద్ధతే అందంగా అనిపిస్తుంది, రాతలో కూడా ఆ ఒత్తు నిలుస్తుంది కాబట్టి.

తెలుగులో క్రియ మామూలుగా చివర, ఇంగ్లీషులో కర్తకూ కర్మకూ మధ్య. క్రియ చోటు మారితే మిగతావీ మారతాయి. మనకు "బల్ల మీద", వాళ్లకు "ఆన్ ది టేబుల్". మనకు "నిన్న వచ్చిన అబ్బాయి", వాళ్లకు ముందు అబ్బాయి, తర్వాత అతని సంగతి. జపనీసు, కొరియన్ మన వైపే. ఇలాంటి పొంతనలను అమెరికన్ భాషాశాస్త్రవేత్త జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1963లో అనేక భాషలు పోల్చి చూపించాడు.

అనువదించేవాళ్లకు అసలు చిక్కు చివర్లో ఉంటుంది: తెలుగులో "రాలేదు" అనే మాట వచ్చేదాకా ఇంగ్లీషు వాక్యం పూర్తిచేయలేరు.