నెట్ లేకపోయినా తెరుచుకునే పాఠాలు: ఏడేళ్ల వాడకం తర్వాత

బడి పిల్లల కోసం నెట్‌లో ఉచితంగా దొరికేది ఏదైనా సరే, నేను ముందు చూసేది ఒక్కటే. సిగ్నల్ లేనప్పుడు అది తెరుచుకుంటుందా? బొమ్మలు ఎంత బాగున్నాయి, ఏ తరగతికి సరిపోతుంది అన్నవి ఆ తర్వాత. ఈ పట్టుదల నాకు 2018 అక్టోబరులో వచ్చింది. ఇంకా పోలేదు.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. సాయంత్రాలు మా ఇంటి వరండాలో ఎనిమిది నుంచి పదో తరగతి వరకు పిల్లలకు సైన్సు, చరిత్ర చెబుతాను. ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియాలో చదువుతారు. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ సిమ్యులేషన్ల గురించి, అంటే తెర మీదే చేసి చూసే ఉచిత సైన్సు ప్రయోగాల గురించి, సైన్సు చెప్పేవాళ్లకు నేను పరిచయం చేయనక్కర్లేదు. నోబెల్ అందుకున్న మరుసటి ఏడాది, 2002లో, భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ మొదలుపెట్టిన పని అది. అందులో నన్ను కట్టిపడేసింది ఒకే ఒక సదుపాయం. ఒక్కో ప్రయోగం ఒక్క ఫైలుగా దిగుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, పక్కింటి పిల్ల ఫోనుకు పంపవచ్చు. బ్రౌజరు ఉంటే చాలు, నెట్ అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు.

దీని విలువ నాకు మామూలు రోజుల్లో తెలియలేదు. తిత్లీ తుఫాను అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లా కొండ ఊళ్లలో ప్రాణాలు పోయాయి. పట్టణంలో చెట్లు, స్తంభాలు కూలాయి. కరెంటు లేదు, ఫోనుల్లో సిగ్నల్ లేదు, బడులు లేవు. మూడో రోజు సాయంత్రం పిల్లలు వాళ్లంతట వాళ్లే వచ్చి వరండాలో కూర్చున్నారు. చదువు కోసం కాదు, చీకటి ఇళ్లలో ఉండలేక. డీజిల్ జనరేటర్ పెట్టి ఫోనులు చార్జి చేస్తున్న ఒక కొట్టులో ఆ మధ్యాహ్నమే ల్యాప్‌టాప్ కూడా చార్జి చేయించుకుని తెచ్చాను.

నేను మొదట తెరిచింది ఫెట్ కాదు. అప్పట్లో నేను ఎక్కువగా నమ్ముకున్నది వేరే యాప్. వారం ముందే పాఠాలు దించి పెట్టుకున్నాను. తెరవగానే మళ్లీ లాగిన్ అవ్వమంది. ఫోనుకు ఓటీపీ పంపుతానంది. ఊరంతా ఒక్క గీత సిగ్నల్ లేని రోజు! పాఠాలు నా యంత్రంలోనే ఉన్నాయి, వాటి తాళంచెవి మాత్రం ఎక్కడో ఉంది. పదిహేనుమంది పిల్లలు నా మొహం చూస్తూ కూర్చున్నారు. ఆ యాప్ మీద కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు.

అప్పుడు కనబడింది, ఎప్పుడో వేసవిలో దించి మరిచిపోయిన ఫెట్ వారి సర్క్యూట్ల ఫైలు. నొక్కాను. తెరుచుకుంది. బ్యాటరీ, బల్బు, తీగ, స్విచ్చు. ఆ బొమ్మలకు ఏ భాషా అక్కర్లేదు.

ఆ సాయంత్రం నేను పాఠం చెప్పలేదు, పిల్లలే లాగారు. ఒక అబ్బాయి తొందరలో బల్బు సంగతి మరిచిపోయి బ్యాటరీ రెండు కొసలనూ ఒక్క తీగతో కలిపేశాడు. తెర మీద బ్యాటరీకి మంటలు లేచాయి. అందరూ ఒక్కసారి అరిచారు. ఆ వెంటనే వెనక నుంచి ఒక ప్రశ్న వచ్చింది. "మాస్టారూ, గాలి రాకముందే మన ఊళ్లో కరెంటు తీసేసింది ఇందుకేనా?" తీగలు గాలికి ఊగి ఒకదానికొకటి తగిలితే ఏమవుతుందో, తెగి తడి నేల మీద పడితే ఏమవుతుందో మాట్లాడుకున్నాం. షార్ట్ సర్క్యూట్ అన్న మాటను నేను అంతకు ముందు చాలా సార్లు బోర్డు మీద రాశాను. ఇలాంటి ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు.

కరెంటు తిరిగి రావడం మొదలయ్యాక ఇంకో విశేషం జరిగింది. కోట వైపు వీధికి ముందు వెలుగు వచ్చింది, మా వీధికి రాలేదు. ఒక అమ్మాయి ఆ రాత్రి నా ఫోనులో అదే ఫైలు తెరిచి, ఒకే బ్యాటరీ నుంచి రెండు శాఖలు వేసి, ఒక్కోదానికి ఒక్కో స్విచ్చు పెట్టింది. ఒక స్విచ్చు ఆపితే ఆ శాఖలోని బల్బు ఆరింది, రెండోది వెలుగుతూనే ఉంది. "ఇది మన ట్రాన్స్‌ఫార్మర్, అది వాళ్లది" అని తమ్ముడికి చూపించింది. సమాంతర సంధానం గురించి నేను ఆమెకు ఇంకా చెప్పలేదు. ఏడేళ్లుగా ఈ ఫైలును నేను వదలకపోవడానికి కారణం ఆ రాత్రే.

ఆ ఉత్సాహంలో తర్వాతి రెండేళ్లు నలుగురికీ చెప్పిన మాటల్లో కొన్నింటిని ఇప్పుడు సరిచేసుకోవాలి.

తెర మీద తీగలు తుప్పు పట్టవు, హోల్డరు వదులు కాదు. దీపావళి తర్వాత ఇదే పిల్లలకు నిజమైన టార్చి సెల్లులు రెండు, చిన్న బల్బు, ప్లాస్టిక్ తొడుగు తీగ ఇచ్చాను. తెర మీద చకచకా సర్క్యూట్లు కట్టిన వాళ్లు ఇరవై నిమిషాలు కష్టపడినా బల్బు వెలగలేదు. తీగ కొసన తొడుగు ఒలవాలని ఎవరికీ తోచలేదు. ఫెట్ తీగకు తొడుగు ఉండదు కదా. అప్పటి నుంచి వరస మార్చాను. ముందు చేతికి సెల్లు, తీగ, బ్లేడు. తెర ఆ తర్వాత. చెత్తతో బొమ్మలు చేయించే అరవింద్ గుప్తా గారి ఉచిత వీడియోలు ఇందుకు నాకు బాగా సాయపడ్డాయి. ముందే దించి పెట్టుకుంటున్నాను.

తీగలో చుక్కల్లా కదిలే ఎలక్ట్రాన్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. స్విచ్చు వేయగానే చుక్కలన్నీ ఒకేసారి కదులుతాయి, అది చాలా మంచి దృశ్యం. కానీ వాటి పరుగు చూసి నిజం తీగలోనూ అంత వేగమే అనుకుంటారు. ఇంటి తీగలో అవి సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా జరగవని పక్కనే కూర్చుని చెప్పే మనిషి ఉండాలి.

ఇక తెలుగు. ఫైలు పేరు చివర తెలుగుకు గుర్తుగా టీఈ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలు చూసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ గుర్తుంది. మా ఊళ్లో దానివల్ల కలిగిన లాభం మాత్రం నేను అనుకున్నంత లేదు. మా పిల్లల్లో సగానికి సగం తెలుగు మాట్లాడగలరు, చదవలేరు. చదవగలిగిన వాళ్లకూ 'నిరోధం' కొత్త మాట, వాళ్ల ఒడియా పుస్తకంలో అది 'ప్రతిరోధ'. కాబట్టి తెలుగు ఫైలు నాకు పనికొచ్చింది, పిల్లలకు తక్కువ. శ్రీకాకుళం వైపు తెలుగు మాధ్యమంలో చెప్పేవాళ్ల అనుభవం వేరుగా ఉండవచ్చు.

చరిత్రకు ఇలాంటి ఫైలు దొరుకుతుందని నేను ఆశ పెట్టుకోలేదు. దొరికింది. అది సిమ్యులేషన్ కాదు, పాత పుస్తకం. జర్మన్ పండితుడు హుల్ష్ పరిష్కరించిన అశోక శాసనాల సంపుటం 1925లో అచ్చయింది. దాని స్కాన్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉంది. దించుకుంటే ఫోనులోనే ఉంటుంది, ఎవరినీ ఏమీ అడగదు. అందులో జౌగడ శాసనం ఉంది. ఆ రాయి మా పక్క జిల్లా గంజాంలో, ఋషికుల్య ఒడ్డున ఉంది.

పిల్లలను జౌగడకు తీసుకెళ్లినప్పుడు రాతి మీది అక్షరాలు చాలా చోట్ల అరిగిపోయి కనిపించాయి. ఫోనులో ముద్ర ప్రతిని ఒక పక్క, రాయిని ఒక పక్క పెట్టుకుని వెతికాం. ఫలానా కొండ మీద, దేవానాంపియ పియదసి రాజు, అంటే అశోకుడు, రాయించిన ధర్మలిపి అని మొదటి శాసనం మొదలవుతుంది. అక్కడ 'రాజు' ఉండాల్సిన చోట 'ర' లేదు, 'ల' ఉంది. తూర్పు ప్రాకృతంలో అంతే, రాజును 'లాజా' అన్నారు. ఈ ఒక్క అక్షరంతో పిల్లలు ఆ రాయికి దగ్గరైపోయారు.

అసలు ఆశ్చర్యం ఆ తర్వాత. పాఠంలో కళింగ యుద్ధం అనగానే లక్షమంది చనిపోయారు, లక్షన్నర మందిని తరలించుకుపోయారు అన్న లెక్క వస్తుంది. ఆ లెక్క అశోకుడు చాలా చోట్ల రాళ్ల మీద చెక్కించిన పద్నాలుగు శాసనాల వరసలో పదమూడో దానిలోది. పిల్లలు జౌగడ పాఠంలో పదమూడు కోసం వెతికారు. లేదు. పదకొండు, పన్నెండు, పదమూడు మూడూ లేవు. భువనేశ్వర్ దగ్గరి ధౌలి రాతి మీదా లేవు. కళింగంలో చెక్కించిన రెండు చోట్లా ఆ యుద్ధం మాటే లేదు. వాటి బదులు అధికారులకు రాయించిన రెండు వేరే శాసనాలున్నాయి, జౌగడలో అవి సమాపా అనే ఆనాటి పట్టణంలోని మహామాత్రులకు, అంటే పెద్ద అధికారులకు. మనుషులందరూ నా బిడ్డలు అని వాటిలో ఉంది. "ఓడిన వాళ్ల ఊళ్లో ఆ లెక్క ఎందుకు రాయించలేదు మాస్టారూ?" అని ఒక అబ్బాయి అడిగాడు. దారి పొడవునా అదే చర్చ. నా చరిత్ర పాఠాల్లో ఇంత వాదన అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు.

ఈ పుస్తకాన్ని అందరికీ సిఫారసు చేయగలనా అంటే సంకోచమే. ఇంగ్లీషు పాతది, లిప్యంతరీకరణ గుర్తులు పిల్లలకు అర్థం కావు, ప్రతి పేజీ ముందు రాత్రి నేను కూర్చుని సిద్ధం చేసుకోవాల్సి వచ్చింది. మాకు రాయి పక్క జిల్లాలోనే ఉంది కాబట్టి ఆ శ్రమ ఫలించింది. దూరంలో ఉన్నవాళ్లకు అంత ఫలం ఉంటుందో లేదో చెప్పలేను.

ఫెట్ విషయంలో నా మాట కొంత గట్టిది. అయినా అది పదిహేనుమంది పిల్లలు, ఒక ల్యాప్‌టాప్, తరచుగా పోయే కరెంటు ఉన్న మనిషి మాట. నలభైమంది ఉన్న గదిలో, ఒక్క తెర ముందు, ఎవరూ తీగ లాగే అవకాశం లేనప్పుడు అదే ఫైలు వీడియో స్థాయికి దిగిపోతుంది. చవక ఫోనుల్లో కొన్ని ఆ ఫైలును బ్రౌజరులో కాకుండా అక్షరాల ముద్దగా తెరుస్తాయి, ఒకసారి చేయి పట్టుకుని చూపించాలి. పిల్లల ఫోనుల్లోకి పంపడం నేను ఇప్పుడు జూన్‌లోనే ముగించేస్తున్నాను. అక్టోబరు వరకు ఆగను.