నోడ్ ఎక్స్‌పోర్టర్ సమీక్ష: తన ఖర్చు తానే చెప్పే ఏజెంటు

సర్వర్ బాగోగులు చూడడానికి పెట్టిన ఏజెంటే, అంటే వెనుక నడిచే చిన్న ప్రోగ్రామే, ప్రాసెసర్‌ను మింగేస్తుంటే ఏం చేయాలన్నది చిన్న సంస్థల్లో సర్వర్లు నడిపేవారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న. నెల్లూరు జిల్లాలోని రొయ్యల ప్లాంట్లలోనైనా, ప్రకాశం జిల్లా చీమకుర్తిలోని గ్రానైట్ యూనిట్లలోనైనా ఆఫీసు గదిలో ఒకటో రెండో సర్వర్లు ఉంటాయి. బిల్లింగు, డేటాబేసు, ఫైళ్లు, బ్యాకప్ అన్నీ వాటి మీదే నడుస్తాయి. అలాంటి చోట ఏజెంటు తీసుకునే ప్రతి శాతమూ అసలు పనిలోంచి పోయేదే. ఈ దృష్టితోనే, సర్వర్ల కొలతలు సేకరించి దాచే ప్రొమీథియస్ అనే ప్రోగ్రాము కుటుంబానికి చెందిన నోడ్ ఎక్స్‌పోర్టర్‌ను ఇక్కడ సమీక్షిస్తున్నాను.

నేను చూసుకునే సర్వర్ ఇందుకూరుపేట వైపు ఉన్న ఒక రొయ్యల ప్లాంటుది. నాలుగు కోర్ల పాత యంత్రం, దాని మీద లినక్స్. చెరువుల నుంచి సరుకు ఎక్కువగా రాత్రిపూట దిగుతుంది. ట్రే ట్రేకూ తూకం వేసి, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలన్నది) నమోదు చేసి, బార్‌కోడ్ లేబుల్ అంటించిన తరువాతే సరుకు లోపలికి పోతుంది. తూకం దగ్గర ఉండే కుర్రాడు ఫోన్ చేసి “అన్నా, లేబుల్ ఇంకా రాలేదే” అన్నాడంటే, అక్కడ ట్రేల మీద ఐసు కరుగుతున్నట్టే లెక్క. అప్పట్లో ఆ సర్వర్ మీద డబ్బు కట్టి తీసుకున్న వేరొక పర్యవేక్షణ ఏజెంటు ఉండేది. సరుకు ముమ్మరంగా దిగే వేళకే అది ఒక కోరును పూర్తిగా ఆక్రమించేది. అసలే వయసు మళ్లిన యంత్రం కావడంతో మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టయింది.

ఇలాంటప్పుడు ముందుగా చూడవలసింది, ఏ ప్రోగ్రాము ప్రాసెసర్‌ను ఎంత వాడుతోందో చెప్పే ‘టాప్’ ఆదేశం చూపే అంకె అర్థం. మామూలు అమరికలో అక్కడ 100 శాతం అంటే ఒక కోరు నిండిందని మాత్రమే. నాలుగు కోర్ల యంత్రంలో అది మొత్తం సామర్థ్యంలో పావు వంతు. ఆ తరువాత ‘పిడ్‌స్టాట్’ ఆదేశంతో ఆ ఏజెంటు సమయం యూజర్ వైపు (దాని సొంత లెక్కలకు) పోతోందా, సిస్టమ్ వైపు (లినక్స్ మూలభాగమైన కెర్నెల్ చేసిపెట్టే పనికి) పోతోందా అన్నది విడదీయాలి. యూజర్ వైపు ఎక్కువగా ఉంటే అది లాగు (జరిగినవన్నీ నమోదయ్యే ఫైలు) వరుసలను రెజెక్స్‌లతో (అక్షర నమూనాలతో) పోల్చడమో, కుదించడమో, ఎన్‌క్రిప్ట్ చేయడమో అయి ఉంటుంది. సిస్టమ్ వైపు ఎక్కువగా ఉంటే ఏజెంటు కెర్నెల్‌ను పదే పదే ఏదో అడుగుతోందని అర్థం. ఆ అడిగేదేమిటో ‘ఎస్‌ట్రేస్’ ఆదేశం ఇచ్చే సారాంశంలో తెలుస్తుంది. అయితే అది కూడా ఏజెంటును నెమ్మదింపజేస్తుంది కనుక కొన్ని సెకన్ల కంటే ఎక్కువసేపు తగిలించి ఉంచకూడదు. మా ఏజెంటు విషయంలో రెండూ కలిసి ఉన్నాయి: సెకనుకోసారి, కెర్నెల్ తన సమాచారం చూపే ‘ప్రాక్’ డైరెక్టరీలోని ప్రతి ప్రాసెసునూ తెరిచి చదవడం ఒకటి, లాగు ఫోల్డరులోని పాత ఫైళ్లను కూడా వైల్డ్‌కార్డు (ఏ పేరుకైనా సరిపోయే గుర్తు) పుణ్యమా అని మొదటి నుంచీ చదవడం మరొకటి. ఈ రెండింటినీ తగ్గించే అమరికలు అందులో లేకపోలేదు. కానీ ఏ భాగం ఎంత తింటోందో ఆ ఏజెంటు తనంతట తాను ఎప్పుడూ చెప్పలేదు. దాన్ని మార్చడానికి ముఖ్య కారణం ఇదే.

ప్రొమీథియస్ 2012లో సౌండ్‌క్లౌడ్ సంస్థలో మొదలైంది. 2016లో క్లౌడ్ నేటివ్ కంప్యూటింగ్ ఫౌండేషన్‌లో చేరింది. నోడ్ ఎక్స్‌పోర్టర్ గో భాషలో రాసిన ఒకే ఒక్క ఫైలు, ఉచితం. ఇది తనంతట తాను ఏ పనీ పెట్టుకోదు. ప్రొమీథియస్ వచ్చి 9100 పోర్టులో అడిగినప్పుడు మాత్రమే ‘ప్రాక్’లోని, పరికరాల వివరాలుండే ‘సిస్’లోని ఫైళ్లను చదివి సమాధానం చెప్పి మళ్లీ ఊరుకుంటుంది. అందుచేత దీని ఖర్చు దాదాపు రెండే విషయాల మీద ఆధారపడుతుంది: ఎంత తరచుగా అడుగుతున్నారు, అడిగిన ప్రతిసారీ ఎన్ని కలెక్టర్లు (ఒక్కో రకం వివరాలు చదివే భాగాలు) పనిచేస్తున్నాయి. ప్రాసెసర్ వాడకం పెరిగిందనిపిస్తే అడగడం కాసేపు ఆపి చూస్తే చాలు, కారణం అదేనో కాదో తేలిపోతుంది. రెండు ప్రొమీథియస్ సర్వర్లు ఒకే యంత్రాన్ని అడుగుతున్న చోట పని రెట్టింపవుతుందన్న సంగతి చాలామంది గమనించరు. పదిహేను సెకన్లకోసారి అడగమని నమూనా ఫైలులో ఉంటుంది కానీ, మా ప్లాంటు వంటి చోటికి నిమిషానికోసారి అడిగితే సరిపోతుంది.

నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చినది, ప్రతి కలెక్టరుకూ ఎంత సమయం పట్టిందో అది తన సమాధానంలోనే చేర్చి ఇవ్వడం. దానితో పాటు తాను మొత్తం వాడుకున్న ప్రాసెసర్ సమయాన్ని కూడా చెబుతుంది. కలెక్టరుకు పట్టిన సమయం గడియారం ప్రకారం లెక్కించినది. అందులో డిస్కు కోసం ఎదురుచూసిన సేపు కూడా కలిసి ఉంటుంది కనుక ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. మా సర్వర్ మీద చూస్తే నెట్‌వర్కు ఇంటర్‌ఫేసుల వివరాలు చదివే ‘నెట్‌క్లాస్’ మిగతావాటికంటే ముందు నిలిచింది. డాకర్ కంటైనర్లు (ప్రోగ్రాములను విడివిడిగా నడిపే పెట్టెల్లాంటివి) నడిచే యంత్రంలో ఒక్కో కంటైనరుకూ ఒక్కో వర్చువల్ ఇంటర్‌ఫేసు పుడుతుంది, ఒక్కోదానికీ ‘సిస్’లో బోలెడన్ని చిన్న ఫైళ్లు ఉంటాయి. ఆ ఇంటర్‌ఫేసులను వదిలేయమని ఒక్క వరుస చేర్చడంతో ఆ కలెక్టరు కూడా మిగతావాటి వరుసలోకి వచ్చింది. ఇప్పుడు సరుకు దిగే వేళ కూడా ‘టాప్’ జాబితాలో నోడ్ ఎక్స్‌పోర్టర్ పైన కనిపించడం లేదు.

లోపాలు లేవని కాదు. మొదటి నుంచే ఆన్ అయి ఉండే కలెక్టర్లలో చిన్న సర్వర్‌కు అక్కరలేనివి చాలా ఉంటాయి. అన్నిటినీ ఆపి కావలసినవి మాత్రమే తెరిచే అమరిక ఉన్నా, కొత్తవారికి దాని గురించి పత్రాలలో చెప్పవలసినంత వివరంగా చెప్పలేదు. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ వివరాలు చదివే ‘సిస్టమ్‌డీ’ కలెక్టరు మొదట ఆపేసే ఉంటుంది. తెరిచినవారు మాత్రం ఒక సంగతి గమనించాలి: అది డీబస్ (ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసేది) ద్వారా సిస్టమ్‌డీని అడుగుతుంది కనుక, కొంత ఖర్చు ఏజెంటు పేరున కాక ఆ రెండింటి పేరున కనిపిస్తుంది. ఏ యూనిట్లు (సిస్టమ్‌డీ చూసుకునే సర్వీసుల వంటివి) కావాలో పేర్లతో పరిమితం చేయకుండా దాన్ని తెరవడం మంచిది కాదు. నెట్‌వర్కు కనెక్షన్ల స్థితి చెప్పే ‘టీసీపీస్టాట్’ కలెక్టరుతో భారం ఎక్కువగా ఉన్నప్పుడు ఇబ్బంది రావచ్చని తయారీదారులే హెచ్చరించారు.

పాత వెర్షన్ వాడుతున్నవారు తప్పకుండా మార్చుకోవాలి. 2022 నవంబరులో వచ్చిన 1.5.0 నుంచి ఇది ఒకేసారి ఒక్క ప్రాసెసర్ థ్రెడ్డుకు మించి వాడకుండా కట్టడి చేశారు. కోర్లు ఎక్కువగా ఉన్న యంత్రాల్లో వచ్చిన ఇబ్బందుల దృష్ట్యా తీసుకున్న నిర్ణయమది. అయినా నేను సిస్టమ్‌డీ సర్వీసు ఫైలులో సీపీయూ కోటాను (ప్రాసెసర్ వాడకానికి హద్దును) 20 శాతంగా పెట్టాను. అక్కడా 100 అంటే ఒక కోరే. ఏ ఏజెంటుకైనా ఈ హద్దు పెట్టవచ్చు, పెట్టడం మంచిది. అయితే అది కారణాన్ని పోగొట్టదు, కారణం వెతికే లోపు తూకం బల్ల దగ్గర పని ఆగకుండా చూస్తుంది. హద్దు మరీ తగ్గిస్తే సమాధానం గడువులోగా అందక గ్రాఫుల్లో ఖాళీలు కనిపిస్తాయి.

లాగులు సేకరించడం దీని పని కాదు. విండోస్ యంత్రాలకు వేరే ఎక్స్‌పోర్టర్ ఉంది. హెచ్చరికలు రావాలంటే ప్రొమీథియస్, అలర్ట్‌మేనేజర్ కూడా నడపాలి. వాటిని ప్లాంటులోని ఆ ఒక్క సర్వర్ మీదే పెట్టి, ఏజెంటు తేలికగా ఉన్నా యంత్రం బరువెక్కిందని బాధపడడం కంటే, పక్కన పడి ఉన్న ఒక పాత డెస్క్‌టాప్‌కు అప్పగించడం మేలు. 9100 పోర్టుకు మొదట్లో పాస్‌వర్డు ఉండదు కనుక, ఆ డెస్క్‌టాప్ చిరునామాకు తప్ప మరెవరికీ అందకుండా ఫైర్‌వాల్‌లో ఆ రోజే మూసివేయాలి.