షికాగో నిఘంటువులు: బ్రౌన్ దగ్గరే ఆగిపోకండి

అనువాదాలు చేయడం, ప్రూఫులు దిద్దడం నా బతుకుతెరువు. పొద్దున్నే కంప్యూటర్లో మొదట తెరిచేది షికాగో విశ్వవిద్యాలయం నడిపే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ. మనవాళ్ళలో చాలామందికి అదంటే బ్రౌన్ నిఘంటువే. మాట వెతుక్కుని, అర్థం చూసుకుని బయటికొచ్చేస్తారు. ఏళ్ళ తరబడి అందులోనే తిరుగుతున్నవాడిగా చెప్తున్నాను, అసలు సరుకు ఆ తర్వాతే ఉంది. డబ్బు కట్టే పని లేదు, పేరు నమోదు చేసుకునే పనీ లేదు.

ముందు బ్రౌన్ సంగతే చూద్దాం. అక్కడ పెట్టింది 1850ల నాటి మొదటి కూర్పు కాదు, 1903లో మద్రాసులో వేసిన రెండో కూర్పు. దాన్ని సవరించింది ఎం. వెంకటరత్నం, డబ్ల్యు.హెచ్. క్యాంప్‌బెల్, మన కందుకూరి వీరేశలింగం. అందుకే ‘బ్రౌన్ దొర ఇలా అన్నాడు’ అని వ్యాసంలో రాసేముందు మొదటి కూర్పు కూడా తిరగేయాలి. ఆ వాక్యం బ్రౌన్‌దే కావచ్చు, వీరేశలింగంగారిదీ కావచ్చు. పరిశోధన వ్యాసాల్లో కూడా ఈ తేడా పట్టించుకునేవాళ్ళు తక్కువే.

ఒక్కో ఆరోపంలో, అంటే ఒక్కో మాటకిచ్చిన పద్దులో, అచ్చుపుస్తకం పుట సంఖ్య, తెలుగు మాట, రోమన్‌లో ఉచ్చారణ, అది తెలుగా సంస్కృతమా హిందుస్తానీనా అన్న గుర్తు, ఆపైన అర్థం వరసగా ఉంటాయి. చోటు దొరికినప్పుడల్లా ఓ కావ్యపంక్తి. ‘చాప’ దగ్గర రోమన్ అక్షరాలు చూడండి, చ బదులు ట్స అని కనిపిస్తుంది. అది దంత్య చకారానికి, అంటే నాలుక పళ్ళకు తగిలించి పలికే చ-కు, గుర్తు. ఇప్పటి అచ్చులో రెండు చ-లకూ ఒకటే అక్షరం కదా, పిల్లలకు చెప్పేవాళ్ళు లేక ఆ తేడా పోతోంది. ఆడియో పుస్తకాలు చదివే కుర్రవాళ్ళకు నేను ముందు చూపించేది ఈ గుర్తునే.

నాకు అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది మాత్రం మొత్తం పాఠంలో వెతికే సౌకర్యం. ఇది తెలుగు-ఇంగ్లీషు నిఘంటువే అయినా, ఇంగ్లీషు మాట కొడితే ఆ మాట అర్థంలో ఉన్న తెలుగు పదాలన్నీ వరసకట్టి వస్తాయి. నేతపని గురించిన పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నప్పుడు దీని విలువ తెలిసింది. మగ్గం ఎవరికైనా తెలుసు. పడుగు, పేక, నాడె, కండె అన్న మాటలు నేతగాళ్ళ ఇళ్ళలో పుట్టినవాళ్ళకు తప్ప మిగతావాళ్ళకు నోటికి రావు. షటిల్ అని కొట్టండి, నాడె పలుకుతుంది. చిట్కా ఏమిటంటే, కొట్టే ఇంగ్లీషు కూడా ఆ కాలందై ఉండాలి. పేక కోసం వెఫ్ట్ అని కొడితే దొరక్కపోతే వూఫ్ అని చూడాలి. తెలుగు వైపు నుంచి వెతికేటప్పుడు ‘చేస్తున్నాడు’ అని కొట్టి లాభం లేదు, ‘చేయు’ అనాలి. ఆ మాత్రం వ్యాకరణం మన దగ్గర ఉండాల్సిందే.

బ్రౌన్‌ను గుడ్డిగా నమ్మకూడని చోట్లు రెండున్నాయి. కులాల గురించి రాసినచోట దొరతనం కనిపిస్తుంది, దాన్ని అర్థంగా ఎత్తి రాసుకోకూడదు. చెట్ల శాస్త్రీయ నామాలు మరొకటి. ఆ రోజుల పుస్తకాల్లో మోదుగకు బ్యూటియా ఫ్రాండోసా అని వేసేవారు, ఇప్పుడు దాన్ని బ్యూటియా మోనోస్పెర్మా అంటున్నారు. వృక్షశాస్త్రం పుస్తకం దగ్గర పెట్టుకోకుండా ఇలాంటివి వాడొద్దు.

పక్కనే జె.పి.ఎల్. గ్విన్ నిఘంటువు ఉంది. 1991లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. గ్విన్ బ్రిటిష్ కాలపు ఐ.సి.ఎస్. అధికారి, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారితో కలిసి ఆధునిక తెలుగు వ్యాకరణం రాసినాయన. ఈ నిఘంటువుకు జె. వెంకటేశ్వరశాస్త్రిగారి సాయం ఉంది. పేపర్లో, మాటల్లో నలిగే తెలుగుకు ఇదే మేలు. నా పద్ధతి ఇది: పాతకాలపు రచనైతే ముందు బ్రౌన్, ఇప్పటిదైతే ముందు గ్విన్, అనుమానం మిగిలితే రెండూ.

ఇక బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, 1984 నాటి రెండో కూర్పు. ద్రావిడ భాషల్లో ఒకే మూలం నుంచి వచ్చిన మాటలన్నిటినీ ఒకచోట చేర్చింది ఇది. దీన్ని కాలక్షేపానికి తెరిస్తే పని ఆగిపోతుంది. అంతా రోమన్ లిపే, భాషల పేర్లు పొడి అక్షరాల్లో ఉంటాయి, అలవాటయ్యేదాకా చిరాకే. చెవి అని వెతకండి. తమిళంలో చెవి, కన్నడంలో కివి, తుళులో కెబి, చివరికి ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీలో ఖఫ్, అందరూ ఒకే ఇంటివాళ్ళు. ప్రతి తెలుగు మాటకూ సంస్కృతంలోనో తమిళంలోనో పుట్టిల్లు వెతికే పెద్దమనుషులతో వాదన వచ్చినప్పుడు ఆ పేజీ లింకు పంపి ఊరుకుంటాను.

లోటు పెద్దదే ఒకటుంది. తెలుగు నుంచి తెలుగుకు అర్థం చెప్పే నిఘంటువు ఇక్కడ లేదు. శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు కావాలంటే ఆంధ్రభారతి వెబ్‌సైటుకు వెళ్ళాల్సిందే. తెలంగాణ మాటలకు బ్రౌన్ చాలడు. ఆయన ఉద్యోగం చేసింది కడప, మచిలీపట్నం, రాజమండ్రి, మద్రాసు వైపు. నిజాం కాలపు దస్తావేజులు చదివేటప్పుడు నేను అక్కడే ఉన్న ప్లాట్స్ ఉర్దూ నిఘంటువు, 1884 నాటిది, తెరుస్తాను. రెవెన్యూ మాటల్లో సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

నిఘంటువుల సంగతి అలా ఉంచితే, ఆ విశ్వవిద్యాలయం రీగన్‌స్టైన్ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. అవి అక్కడికి చేరడం వెనక గోధుమల కథ ఉంది. అమెరికా 1954 నాటి పి.ఎల్. 480 చట్టం కింద మనకు ధాన్యం అమ్మి రూపాయల్లో డబ్బు తీసుకునేది. ఆ రూపాయలతోనే 1962 నుంచి ఇక్కడ అచ్చయిన పుస్తకాలు కొని అమెరికా విశ్వవిద్యాలయాలకు పంపించారు. మన జిల్లా గ్రంథాలయాల్లో చెదలు తినేసిన నవల పేరు అక్కడి జాబితాలో ప్రచురణకర్త, సంవత్సరం, పుటలతో సహా దొరకడం మామూలే. పుస్తకం చేతికి రాదు, వివరం వస్తుంది. మొదటి ముద్రణ ఏ ఏడాదో తేల్చుకోవడానికి అదే చాలాసార్లు సరిపోతుంది.

బ్రిటిష్ కాలంలో దేశంలోని ఊళ్ళ, జిల్లాల వివరాలు కూర్చిన ఇంపీరియల్ గెజెటియర్ 26 సంపుటాలూ కూడా ఇదే లైబ్రరీలో చదువుకోవచ్చు. ఊళ్ళ పేర్లు మాత్రం దొరల ఇంగ్లీషులో వెతకాలి: విజయవాడకు బెజ్వాడ, కాకినాడకు కోకనాడ, ఏలూరుకు ఎల్లోర్, విశాఖకు విజగపటం.