ఎనిమిది నెలల పాప, ఒక స్ట్రోలర్, బుద్ధగయ మహాబోధి గుడి: మా అనుభవం

తిరుపతిలో పుట్టి పెరిగినవాళ్ళకి గుడి రద్దీ ఒక లెక్కా అనుకుని, ఎనిమిది నెలల పాపని, స్ట్రోలర్‌ని, మా అత్తని వెంటబెట్టుకుని డిసెంబర్‌లో పోయొచ్చినాం. అసలు పని గయలో, మామకి పిండప్రదానం. విష్ణుపాదం దగ్గర కార్యం అయిపోయినాక అత్తే అనింది, ఇంత దూరం వచ్చి బుద్ధుణ్ణి చూడకుండా పోతామా అని. గయ నుంచి బుద్ధగయ ఓ పదిహేను కిలోమీటర్లు, ఆటోలో పోయినాం.

ముందు స్ట్రోలర్ సంగతి చెప్పేస్తా, చంటిబిడ్డలున్నోళ్ళకి కావాల్సింది అదే కదా. ఊర్లో పనికొస్తుంది, గుడిలో పనికిరాదు. ఎందుకంటే ఆ గుడి మనం నిలబడే రోడ్డు కంటే బాగా కిందికి ఉంటుంది. వందల ఏళ్ళు పట్టించుకునేవాళ్ళు లేక మట్టి పేరుకుపోయి చుట్టూ నేల పైకొచ్చేసిందంట, 1880ల్లో బ్రిటిష్ పురావస్తు అధికారి కన్నింగ్‌హామ్ వాళ్ళు తవ్వించి రిపేర్ చేయించినారు. అంటే లోపలికి పోవాలంటే మెట్లు దిగాల్సిందే, వచ్చేటప్పుడు ఎక్కాల్సిందే. మాది మడిచే రకం స్ట్రోలర్, ఆన్‌లైన్‌లో ఒక చేత్తో మడవచ్చు అని రాసినారు, అవును ఒక చేత్తోనే, కానీ ఆ రెండో చేతిలో బిడ్డ ఉండకూడదు! మెట్ల దగ్గర నేను పాపని, మా ఆయన బండిని మోసుకుంటా దిగుతుంటే వెనకాల వచ్చే థాయ్‌లాండ్ గుంపు మొత్తం మాకోసం ఆగిపోయింది, సిగ్గేసింది నాకు. మళ్ళీ ఎక్కి, చెప్పులు పెట్టిన చోట ఉన్న అబ్బాయిని బతిమాలి అక్కడే వదిలేసి పోయినాం. ఆ అబ్బాయి పైసా తీసుకోలేదు పాపం.

ఇంకోటి, ఫోన్లు లోపలికి ఒప్పుకోరు, బయట కౌంటర్లో పెట్టి పోవాలి. 2013లో అక్కడ బాంబులు పేలినాయి కదా, చెకింగ్ గట్టిగానే ఉంటుంది. కొండ మీద మనకి ఇది అలవాటే, అలవాటే అనుకునే మేము బోల్తా పడింది. పాప ఏడుస్తుంటే పాలివ్వడానికి నేను పక్కకి పోయినాను, మా ఆయన "నేను చెట్టు దగ్గర ఉంటా" అన్నాడు. ఏ చెట్టు అని నేను అడగలా. బుద్ధగయలో చెట్టంటే బోధిచెట్టే కదా, గుడి వెనకాల పడమర వైపు, నేను పోయి అక్కడ కూర్చున్నా. ఆయన చెట్టేమో కోనేటి దగ్గర ఏదో చెట్టంట. ముప్పావు గంట! మా అత్త మాత్రం ఇద్దరికీ మధ్యలో ఎక్కడో హాయిగా జపం చేసుకుంటా ఉండింది. కాబట్టి ఫోన్ ఇచ్చేసే ముందే ఎక్కడ కలుసుకోవాలో చూపుడు వేలితో చూపించి మరీ చెప్పుకోండి.

అయితే ఆ ముప్పావు గంటే నాకు మొత్తం ట్రిప్‌లో బాగా గుర్తుండిపోయింది. పక్కన టిబెట్ వాళ్ళు చెక్క పలకలు వేసుకుని సాష్టాంగం పెట్టడం, లేవడం, మళ్ళీ సాష్టాంగం, మన అంగప్రదక్షిణ మాదిరి దొర్లరు, ఉన్నచోటే వందల సార్లు చేస్తారు. ఇంకోపక్క ఎవరో మైకులో బౌద్ధుల పాత భాష పాళీలో చదువుతా ఉన్నారు, అది వినీ వినీ పాప నిద్రపోయింది, ఇంట్లో గంటసేపు ఊపినా పడుకోని బిడ్డ. ఆ చెట్టు ఆకులు కోయకూడదు, రాలిన ఆకు కోసం జనాలు తలెత్తుకుని ఎదురుచూస్తా ఉంటారు, గాలి వస్తే పరుగే. ఒక ముసలి భిక్షుణి తనకి దొరికిన ఆకు తెచ్చి పాప చేతిలో పెట్టింది. మా పాప లేచీ లేవగానే దాన్ని నోట్లో పెట్టుకునింది, అది వేరే సంగతి.

గర్భగుడి చిన్నది. బంగారు పూత వేసిన బుద్ధుడు చేత్తో భూమిని తాకుతా కూర్చుని ఉంటాడు. రద్దీలో ఇరుకే, బిడ్డని చంకలో పైకి ఎత్తుకోండి, లైన్ మటుకు త్వరగానే కదిలింది మాకు. గోపురం మాత్రం అబ్బ, ఇటుకలతో కట్టింది, దగ్గర దగ్గర 180 అడుగులు, అశోకుడు మొదట ఒక గుడి కట్టించినాడంట, ఇప్పుడు కనపడేది క్రీస్తు శకం ఐదో, ఆరో శతాబ్దం నాటిది. 2002లో యునెస్కో లిస్ట్‌లో చేరింది. టికెట్ ఏమీ లేదు. కోనేరులో పాము పడగ కింద బుద్ధుణ్ణి చూసి అత్త టక్కున దండం పెట్టింది, ఏడు కొండలోళ్ళకి శేషుడు కొత్తా ఏంది.

రెండో రోజు తెలివి తెచ్చుకున్నాం. పాప ఎట్లాగూ నాలుగింటికే లేస్తుంది కాబట్టి ఐదుకి తెరవంగానే పోయినాం, స్ట్రోలర్ లాడ్జిలో పడేసి, అత్త పాత కాటన్ చీరతో పాపని నా గుండెకి కట్టేసుకుని. రెండు చేతులూ ఖాళీ! జనం తక్కువ, మంచు మాత్రం మామూలుగా లేదు, రాయి మీద వట్టి కాళ్ళు పెడితే జిల్లుమంటుంది, అందరూ సాక్సులు తొడుక్కోండి. డైపర్ ఆటోలోనే మార్చేసి దిగినాం, ఫ్లాస్కులో వేడినీళ్ళు, ఉగ్గు పొడి తీసుకుపోయినాం. ఉగ్గు తినిపిస్తుంటే అత్త సుజాత కథ ఎత్తుకునింది, నదికి అవతల ఊర్లో సిద్ధార్థుడికి పాయసం పెట్టిన ఆవిడ. మా పాప అన్నప్రాసనప్పుడు పాయసం ఉమ్మేసింది, ఆ మాట నేను అనలేదు.

స్ట్రోలర్ వాడుకోవాలంటే 80 అడుగుల పెద్ద బుద్ధుడి వైపు, థాయ్, జపాన్ గుళ్ళున్న రోడ్లల్లో తోసుకోవచ్చు, మధ్యాహ్నం చాలావరకు మూసేస్తారు గనక పొద్దున్నే చూసుకోండి. గుడికి ఐదు స్టార్లు, మా స్ట్రోలర్‌కి రెండు. ఆ రెండూ ఎందుకంటే చలికాలంలో అక్కడ టిబెటన్ల స్వెటర్ల బజారు పెడతారు, అత్త నాలుగు దుప్పట్లు కొనింది, రేణిగుంటలో దిగినప్పుడు మా ఆయన వాటిని స్ట్రోలర్‌లో పెట్టి తోసుకుంటా పోయినాడు, పాప అత్త చంకలో.