డూకీ రికార్డు కొనేవాళ్లు జాగ్రత్త: ఆ స్టార్లు మీ చేతికొచ్చే డిస్కుకి ఇచ్చినవి కావు

అమెరికన్ రాక్ బ్యాండ్ గ్రీన్ డే ఆల్బమ్ 'డూకీ' వినైల్ రికార్డు ఆన్‌లైన్‌లో కొందామనుకుంటున్నవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒక్కసారి చదవండి. పోయిన నెల నేను 3,400 రూపాయలు పెట్టి తెప్పించుకున్నది నకిలీ. రివ్యూలు చూడకుండా కొన్నానా అంటే అదీ కాదు. రెండు రాత్రులు కూర్చుని వందకు పైగా చదివాకే ఆర్డర్ పెట్టాను, దెబ్బతిన్నది కూడా అక్కడే.

కొన్నది తమ్ముడి పుట్టినరోజుకి. వాడు రెండేళ్లుగా డ్రమ్స్ నేర్చుకుంటున్నాడు, గ్రీన్ డే డ్రమ్మర్ ట్రే కూల్ అంటే ప్రాణం. ఇంటికి రికార్డ్ ప్లేయర్ వచ్చిన రోజు నుంచి మొదటి రికార్డు డూకీనే కావాలని ఒకటే మాట. అందుకే చవగ్గా దొరికింది కదా అని కాకుండా, వింటున్నవాళ్లు ఏమంటున్నారో చూసి కొందామనుకున్నాను.

ఆ పేజీలో 4.7 స్టార్లు ఉన్నాయి. తర్వాత నెమ్మదిగా మళ్లీ చదివితే తెలిసింది, అవన్నీ ఒక్క వస్తువు గురించి కావు. సీడీ, క్యాసెట్, ఎల్పీ (అంటే వినైల్ రికార్డు), 30 ఏళ్ల సందర్భంగా వచ్చిన ప్రత్యేక ఎడిషన్, అన్నిటి రివ్యూలూ ఒకే కుప్పలో పోశారు. ఎక్కువ మంది రాసింది పాటల మీద ప్రేమ. 1994లో ఈ ఆల్బమ్ వచ్చినప్పుడు స్కూల్లో ఉన్నామని, 'లాంగ్‌వ్యూ'లో మైక్ డర్న్ట్ బేస్ మొదలవగానే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుందని, 'బాస్కెట్ కేస్' వింటే తమ టెన్షన్ గురించే ఎవరో పాడినట్టు ఉంటుందని. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు, నాకూ అలాగే ఉంటుంది. కానీ పాట బాగుందన్న మాట వల్ల, పెట్టెలో వచ్చే డిస్కు బాగుంటుందో లేదో తెలియదు కదా.

ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లదీ అదే కథ. వాళ్లలో సగం మంది కోపం ఇంకా పాతది. లుకౌట్ అనే చిన్న రికార్డు కంపెనీ వదిలి రిప్రైజ్ లాంటి పెద్ద కంపెనీకి సంతకం పెట్టినందుకు, బర్క్‌లీలో గ్రీన్ డే వాళ్లు ఎదిగిన గిల్మన్ స్ట్రీట్ క్లబ్‌లో అప్పట్లో వాళ్లకి వాయించే వీల్లేకుండా పోయింది. ఆ తగువు ముప్ఫై ఏళ్లు దాటినా రివ్యూల్లో ఇంకా నడుస్తోంది. 'వెల్‌కమ్ టు ప్యారడైజ్' అంతకుముందు ఆల్బమ్ 'కెర్‌ప్లంక్'లోనే గరుకుగా, నిజంగా ఉందని ఒకాయన పేజీ నిండా రాశారు. వాదన బాగుంది, నాకు నచ్చింది కూడా. కొనేవాడికి మాత్రం దానితో పని లేదు.

అంత కుప్పలో ఎల్పీ గురించి రాసినవి నాలుగే నాలుగు. అందులో రెండు ఫోటోలతో సహా "అట్ట మసకగా ఉంది" అని చెబుతూనే ఉన్నాయి. అన్ని మెచ్చుకోళ్ల మధ్య వాటిని నేను దాటేశాను.

డిస్కు వచ్చాక మొదట అనుమానం కలిగింది అట్ట దగ్గరే. రిచీ బుచర్ గీసిన ఆ బొమ్మ మీకు గుర్తుంటుంది: వీధి మధ్య పెద్ద పేలుడు, కుక్కలు, గుంపులు గుంపులుగా చిన్న చిన్న మనుషులు. అసలు ప్రింటులో ఏసీ/డీసీ బ్యాండ్ గిటారిస్టు యాంగస్ యంగ్‌ని, బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ అట్ట మీది ఆవిడని వెతికి పట్టుకోవచ్చు. నాకు వచ్చినదాంట్లో ఆ మొహాలన్నీ అలుక్కుపోయాయి. సీడీ అట్టని స్కాన్ చేసి సాగదీస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. చిన్న అక్షరాలు చదవడానికి రావు, అట్ట పలచన.

ఇక శబ్దం. ఏ ఎల్పీకైనా సైడు చివర్లో, మధ్యలో అంటించిన కాగితం లేబుల్‌కి దగ్గరయ్యేకొద్దీ కొంచెం గరగర ఉండొచ్చు, అది వేరే సంగతి. ఇది మొదటి పాట 'బర్నౌట్' నుంచే సింబల్స్ (డ్రమ్స్‌తో వాయించే లోహపు పళ్లేలు) ఇసక రాలినట్టు వినిపిస్తున్నాయి. తమ్ముడు రోజూ ప్యాడ్ మీద సాధన చేసే ఆ డ్రమ్ విరుపులు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. నీడిల్ మార్చి చూశాం, వేరే రికార్డు పెట్టి చూశాం. ప్లేయర్‌లో లోపం లేదు. వాడు పైకి ఏమీ అనలేదు గానీ రెండో సైడు పెట్టమని అడగలేదు.

ఇంకో మాట, రివ్యూల్లో తిరిగే ఒక తప్పుడు గుర్తు గురించి. అట్ట వెనకవైపు జనం ఫోటోలో 'సెసమీ స్ట్రీట్' అనే పిల్లల టీవీ షోలోని ఎర్నీ బొమ్మ లేకపోతే అది నకిలీ అని కొందరు గట్టిగా రాస్తున్నారు. అది నిజం కాదు. మొదట్లో ముద్రించినవాటిలో ఎర్నీ ఉన్నాడు, తర్వాత చాలా ముద్రణల్లో చెరిపేశారు. కాబట్టి అసలువాటిలోనూ చాలావాటికి ఎర్నీ ఉండడు. పాత అట్టని స్కాన్ చేసిన నకిలీలో ఉన్నా ఉండొచ్చు. దీన్ని నమ్మి కొనకండి, దీన్ని నమ్మి మంచి కాపీని తిప్పి పంపకండి.

చూడాల్సింది రనౌట్. పాటలు అయిపోయాక లేబుల్ దాకా ఉండే ఖాళీ జాగాలో చెక్కినట్టు అక్షరాలు, అంకెలు ఉంటాయి. అమ్మేవాళ్లని ఆ ఫోటో ముందే అడగండి, రికార్డుల వివరాలు ఉండే, కొనుగోళ్లు కూడా జరిగే డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో ఒక్కో ముద్రణకీ విడివిడిగా ఎంట్రీ ఉంటుంది కాబట్టి అక్కడ పోల్చుకోండి. అనధికార కాపీలని వాళ్లు ఆ పేరుతోనే చూపిస్తారు, తమ దగ్గర అమ్మనివ్వరు. నా డిస్కు మీది అంకెలు అసలు ముద్రణల్లో దేనితోనూ కలవలేదు. ఫోటో పంపడానికి సాకులు చెప్పారంటే అక్కడితో వదిలేయండి.

తిప్పి పంపుతానంటే, ప్యాకింగ్ విప్పేశారు కాబట్టి కుదరదన్నారు. విప్పకుండా నకిలీ అని ఎలా తెలుస్తుంది? పార్శిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, నేను తీయలేదు. మన దేశంలో 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అమ్మేవాళ్లు కొన్నవాళ్లలా నటిస్తూ రివ్యూలు రాయకూడదని కూడా ఆ రూల్స్‌లోనే ఉంది. నాకు వాళ్ల నుంచి జవాబు రాకపోయేసరికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఇంకా పెండింగ్‌లో ఉంది.

ఆ పేజీలో నా రివ్యూ కూడా పెట్టాను. మొదటి లైన్లోనే "ఇది ఎల్పీ గురించి, పాటల గురించి కాదు" అని రాసి అట్ట, రనౌట్ ఫోటోలు జతచేశాను. మీరు ఇప్పటికే ఎల్పీ కొని ఉంటే, అసలుదైనా నకిలీదైనా, దయచేసి మీరూ అలాగే రాయండి. ఏ ఎడిషన్, ఎప్పుడు కొన్నారు, రనౌట్ మీద ఏముంది, ఆ మూడూ చాలు.