రామగిరి పాత ఇల్లా, ఊరవతల ప్లాటా?

మా తమ్ముడు నల్గొండలో రెండు చూసిండు. ఒకటి రామగిరిలో 120 గజాల పాత ఇల్లు. రెండోది నార్కట్‌పల్లి దారిలో వెంచర్ ప్లాటు, అదే పైసలకు 250 గజాలు.

గజాల లెక్కయితే వెంచర్‌దే పైచేయి. కానీ గజాలు తాగలేం కదా! రామగిరి ఇంట్లో నల్లా ఉంది, కృష్ణా నీళ్లొస్తున్నయి. వెంచర్‌ల నల్లా లేదు, ఇల్లు కడితే బోరే దిక్కు. ఈ జిల్లా బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ సంగతి లోకానికంతా ఎరుకే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరు. మరగబెట్టినా ఫ్లోరైడ్ పోదు. అంటే క్యాన్లు, ట్యాంకర్లు, నెలనెలా ఖర్చు. బ్రోచర్‌ల పార్కుంది, పోయి చూస్తే కడీలు, సర్కారు తుమ్మలు.

కాగితాలు రెండింటికీ చూడాల్సిందే. పాత ఇంటికి వారసులందరి సంతకాలు కావాలె. ప్లాటుకు డీటీసీపీ (సర్కారు టౌన్ ప్లానింగ్ శాఖ) లేఅవుట్ అనుమతి ఉందా, పొలం నాలా మార్పిడి, అంటే వ్యవసాయేతర భూమిగ మార్పిడి అయిందా అడగాలె. అనుమతి లేకుంటే ఎల్‌ఆర్‌ఎస్ (అట్లాంటి ప్లాట్లను ఫీజు కట్టి క్రమబద్ధం చేసుకునే పథకం) తిప్పలుంటది. 2020లో అర్జీ పెట్టినోళ్లు ఎన్నేళ్లు ఎదురుచూసిన్రో తెలుసుగా. చెరువు శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) పక్కనుంటే అసలు ముట్టొద్దు.

రామగిరి సందుల కారు పట్టదు, పక్కింటోళ్లతో ఉమ్మడి గోడ. అది నిజమే. అయినా పిల్లలు బడికి నడిచిపోతరు. ఇప్పుడే కాపురముండాలంటే నేనైతే పాత ఇల్లే కొంట. పదేళ్లు ఆగే ఓపికుంటే ప్లాటు.

మరదలు మాత్రం ఇంకా కారు ఎక్కడ పెట్టాలనే అడుగుతున్నది.