మంచు కంటే మా సజ్జే ఎక్కువ పాడుచేసింది: ఆరు చలికాలాల ట్రెక్కింగ్ బట్టలు

నేను హనుమకొండలో లెక్కల టీచర్ని. 2018 డిసెంబర్‌లో మొదలుపెట్టి, కరోనా ఏళ్లు తీసేస్తే, ఆరు చలికాలాలు హిమాలయాల వైపు వెళ్లొచ్చాను. ప్రతిసారీ వీపు మీద సంచి, నాలుగైదు రోజుల నడక, రాత్రి టెంట్లో పడక. లెక్క వేసి చూస్తే ఈ బట్టలు నా ఒంటి మీద ఉన్నది అంతా కలిపి 40 రోజులు కూడా ఉండదు. మిగతా కాలమంతా మా ఇంటి సజ్జ మీదే ఉన్నాయి, 45 డిగ్రీల మే నెలలతో సహా. అందుకే ఈ సమీక్షలో మంచు ఎంతుందో సజ్జ కూడా అంతే ఉంటుంది.

మొదటిసారి వెళ్లింది ఉత్తరాఖండ్ కొండల్లో ఉన్న కేదార్‌కంఠ. కాజీపేటలో పొద్దున తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్, ఆ పైన రోజంతా కొండదారిలో జీపు ప్రయాణం చేస్తే నడక మొదలయ్యే ఊరు సాంక్రీ. ఇంట్లో అందరూ నేను మంచులో గడ్డకట్టి పోతానన్నట్టు మాట్లాడటంతో ఆ టెన్షన్‌లో దొరికిందల్లా తొడుక్కున్నాను. లోపల కాటన్ బనియన్, దాని మీద థర్మల్, దాని మీద అమ్మ అల్లిన స్వెటర్, ఆ పైన బైక్ మీద వేసుకునే రెగ్జిన్ జాకెట్. కింద జీన్స్. సాంక్రీలో పొద్దున తొమ్మిదింటికి బయల్దేరేటప్పుడు హాయిగానే ఉంది. అదే తప్పని అప్పుడు తెలియదు.

చెట్ల మధ్య ఎక్కుడు మొదలైన అరగంటకే వీపంతా చెమట. సంచి ఆనిన చోట బనియన్ పిండితే నీళ్లొచ్చేలా తడిసింది. మధ్యాహ్నం జూడా కా తాలాబ్ దగ్గర క్యాంపుకు చేరి, చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. పది నిమిషాలు కాలేదు, పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. ఎండ ఇంకా పోలేదు. నా పక్కన మా గైడ్ పలచటి టీషర్టు మీద ఒక ఫ్లీస్ (మెత్తటి పాలిస్టర్ పైచొక్కా) వేసుకుని దర్జాగా కూర్చున్నాడు. నా కాలర్ వెనక నుంచి వేలు పెట్టి చూసి, "మాస్టర్‌జీ, ముందు ఇది తీసేయండి" అని హిందీలో అన్నాడు. బనియన్ విప్పి టెంటు తాడు మీద వేశాను. తెల్లారి చూస్తే అది అట్టముక్కలా బిగుసుకుపోయింది. మడతపెట్టబోతే పెళపెళమంది.

మా ఎండలకు ప్రాణం పోసేది కాటన్ బట్టే. చెమట పీల్చుకుని పట్టుకుంటుంది కాబట్టే ఒళ్లు చల్లబడుతుంది. చలిలో కూడా అది చేసేది అదే పని, అక్కడ మనకు అక్కర్లేదు, అంతే తేడా. కదలని గాలితో పోలిస్తే నీళ్లు మన ఒంటి వేడిని దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. పాలిస్టర్ దారం తన బరువులో ఒక శాతం తేమను కూడా పీల్చుకోదు. అందుకే ఒంటికి తగిలే బట్ట పాలిస్టర్‌దో ఉన్నిదో కావాలి. వేడి ఊళ్ల వాళ్లం చలి అనగానే మందంగా ఉండే జాకెట్ కోసం చూస్తాం. నేను డబ్బులు ముందుగా పెట్టాల్సింది బనియన్ జాగాలో వేసుకునే దాని మీద.

ఇప్పుడు నేను వాడే లోపలి అంగీలు రెండు. ఒకటి 2019లో కొన్న మామూలు పాలిస్టర్ ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, పిల్లలు ఆటలకు వేసుకునే రకం, 300 రూపాయలు. ఇన్నేళ్లయినా దారం కూడా ఊడలేదు. రెండో రోజు సాయంత్రానికి వాసన మాత్రం భరించలేం, టెంట్లో పక్కవాళ్లు చెప్పకపోయినా మొహంలో తెలుస్తుంది. రెండోది 2022లో ముచ్చటపడి కొన్న మెరినో గొర్రెల సన్నటి ఉన్ని అంగీ, దాదాపు పది రెట్ల ధర. నాలుగు రోజులు విప్పకపోయినా వాసన రాదు, కొద్దిగా తడిసినా వెచ్చగానే ఉంటుంది, ఇందులో అబద్ధం లేదు. కానీ రెండో ఏడు సజ్జ మీంచి దించితే చంక దగ్గర శనగగింజంత రంధ్రాలు మూడు. ఉన్నిని తినే పురుగు. పట్టుచీరల మధ్య డాంబర్ గోళీలు వేసే మా అమ్మ, "నన్నడిగితే చెప్పేదాన్ని కదరా" అని, రంధ్రాలు కుట్టి ఇచ్చింది. అప్పటి నుంచి అది ఉతికి బాగా ఆరాక జిప్ కవర్లో మూసి చీరల బీరువాలోనే ఉంటోంది. డబ్బు లెక్క చూసుకునే వాళ్లకు పాలిస్టర్‌వి రెండు కొనుక్కొని, ఒకటి నడకకు, ఒకటి పడుకోవడానికి పెట్టుకోమంటాను. పడుకునే జత పగలు వేసుకోకూడదు, ఎంత ఆశ పుట్టినా.

ఫ్లీస్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు, అదే దాని గొప్పతనం. డెకాథ్లాన్‌లో 500 రూపాయలకు కొన్నాను. ఉండలు కట్టింది, రంగు వెలిసింది, గాలి వీస్తే జల్లెడలా లోపలికి వదులుతుంది. అయినా అన్నిటికంటే ఎక్కువ వేసుకున్నది ఇదే. మా దగ్గర డిసెంబర్‌లో పొద్దున స్కూటర్ మీద బడికి పోయేటప్పుడు కూడా ఇదే. ఎక్కుతున్నంతసేపు సంచి పైన కట్టి ఉంచుతాను, ఆగిన నిమిషంలో తొడుక్కుంటాను. బయల్దేరేటప్పుడు కొంచెం చలిగా అనిపించాలి. ఈ ఒక్క అలవాటుకు నాకు రెండు ట్రెక్కులు పట్టింది. ఇప్పటికీ కొత్తవాళ్లతో వెళ్తే, "సార్, మీకు చలి పెడతలేదా" అని అడుగుతారు. పెడుతుంది. పది నిమిషాలు ఆగితే పోతుంది.

డౌన్ జాకెట్, అంటే బాతు ఈకల కింద ఉండే మెత్తటి నూగుతో నింపినది, 2019 చివర్లో 4,000 చిల్లర పెట్టి కొన్నాను. బరువు 400 గ్రాములు లేదు. నొక్కితే లీటరు సీసా కంటే కాస్త పెద్ద మూటవుతుంది. కొట్టువాడు 600, 800 అని ఫిల్ పవర్ నంబర్లు చెప్తే బరువనుకుని బుర్ర ఊపకండి. ఒక ఔన్సు నూగు పొంగితే ఎన్ని ఘనపు అంగుళాలు నింపుతుందో ఆ లెక్క అది. నంబరు పెరిగితే అదే వెచ్చదనానికి బరువు తగ్గుతుంది. నూగు పొంగినప్పుడు మధ్యలో ఇరుక్కున్న గాలే మనల్ని కాపాడుతుంది, కాబట్టి తడిసి ముద్దయితే దాని పని అయిపోయినట్టే. క్యాంపులో కూర్చున్నప్పుడు, రాత్రి బయటికి లేవాల్సి వచ్చినప్పుడు, తెల్లవారుజామున శిఖరం మీద ఆగినప్పుడు దీనికి సాటి లేదు. నడుస్తూ వేసుకుంటే మాత్రం పావుగంటలో ఉడికిపోతాం, ఆ చెమట నూగులోకే పోతుంది.

దాన్ని ఒక్కసారే ఉతికాను. బకెట్లో గోరువెచ్చటి నీళ్లు, కొంచెం బేబీ షాంపూ. నీళ్లలోంచి తీస్తే తడిసిన కోడి వాసన, ఇల్లంతా. పిండకూడదు, రెండు చేతుల మధ్య నొక్కి నీళ్లు కార్చాలి. డాబా మీద నీడలో పరిచి, గంటకోసారి ఉండలు కట్టిన నూగును వేళ్లతో విడదీస్తూ పోయాను. రెండు రోజులు పట్టింది. మొదటి రోజు సాయంత్రం చూసి జాకెట్ పోయిందనే అనుకున్నాను, రెండో రోజు మధ్యాహ్నానికి మళ్లీ పూరీలా పొంగింది.

అసలు దెబ్బ దానికి హిమాలయాల్లో తగల్లేదు, ఆదిలాబాద్‌లో తగిలింది. 2023 జనవరిలో ఉట్నూరులో పనిచేసే మిత్రుడితో కలిసి కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్లాను. పుష్య అమావాస్య రాత్రి, ఆ వైపు చలి సంగతి తెలిసిందే, కొన్ని పొద్దులు ఒక్క అంకెకు దిగిపోతుంది. ఈ జాతర చేసే గోండుల్లోని మెస్రం వంశం వాళ్లు గోదావరి జలం కోసం హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడిచి వెళ్లొస్తారు. ఆ నడక తెలిసి కూడా వాళ్ల మధ్య నేను ఈకల జాకెట్ వేసుకుని మంట దగ్గర కూర్చున్నాను. ఒక నిప్పురవ్వ ఎగిరి మోచేతి మీద పడింది. నైలాన్ బట్ట కరిగిపోయి పావలా బిళ్లంత రంధ్రం, అందులోంచి తెల్లటి నూగు మంట వైపు తేలిపోతోంది. పక్కన కూర్చున్న పెద్దాయన భుజం మీది గొంగడి పైనా రెండు రవ్వలు పడ్డాయి. ఆయన అరచేత్తో అలా దులిపేశాడు, నల్లటి చుక్క కూడా మిగల్లేదు. ఉన్ని అంత తొందరగా అంటుకోదు, రవ్వ దాని మీద మాడి ఆరిపోతుంది.

ఊరికి తిరిగొచ్చి టైలర్ దగ్గర అతుకు వేయించాను. అదింకో తప్పు. సూది పోట్లన్నిట్లోంచి నూగు బయటికి రావడం మొదలైంది. చివరికి టెంట్లకు అతికించే నైలాన్ టేపు గుండ్రంగా కత్తిరించి కుట్టు మీద నుంచి అతికించాను, ఇప్పటికీ ఉంది. గుండ్రంగా ఎందుకంటే మూలలుంటే అక్కడి నుంచే లేస్తుంది.

ఆ జాతర నుంచి వచ్చాక గొంగడి మీద మనసు పడింది. మా బాపు (నాన్న) దగ్గర పాతది ఉంది, కురుమల మగ్గం మీద నేసిన నల్ల గొంగడి. కొప్పెర వేసుకుంటే, అంటే తల మీంచి కప్పుకుంటే, జడివానలో కూడా గంటసేపు లోపలికి తడి రాదు, ఇది నేను పొలంలో చూసిన సంగతి. దీన్నే ట్రెక్కుకు తీసుకుపోతే ఏమైతుంది అనుకుని, మా వీధి కిరాణా షాపు కాటా మీద పెట్టాను. 2 కిలోల 900 గ్రాములు. డౌన్ జాకెట్లు ఏడు! పైగా మడిస్తే సంచి సగం అదే. దక్కన్ గొర్రె ఉన్ని ముతక కాబట్టి మెడకు గీరుకుంటుంది కూడా, మెరినోలా ఒంటికి వేసుకునేది కాదు. గొంగడి గొర్ల మంద దగ్గరికి, కల్లం దగ్గరికి పుట్టింది. కొండ ఎక్కడానికి కాదు. ఇంట్లో జనవరి రాత్రులకు మాత్రం నా స్లీపింగ్ బ్యాగ్ కంటే అదే ఇష్టం.

పైన వేసుకునే వాన జాకెట్ దగ్గరికి వస్తే నాకు ఇప్పటికీ కోపమే. 2019లో కొన్నాను, ట్యాగ్ మీద 10,000 మిల్లీమీటర్లని ఉంది (బట్ట లోపలికి నీళ్లు దిగకుండా ఎంత ఎత్తు నీటిని ఆపుతుందో ఆ లెక్క), చంకల కింద గాలి ఆడటానికి జిప్పులున్నాయి. మూడు ట్రెక్కుల్లో వాన, మంచు, గాలి అన్నీ ఆపింది. 2023 డిసెంబర్‌లో సజ్జ మీంచి దించి విప్పితే లోపలి పొర చేతికి జిగటగా అంటుకుంది. దులిపితే ఎండిన ఫెవికాల్ పెచ్చుల్లా రాలింది. ఆ పూత పాలీయురెథేన్‌ది, వేడి, తేమ కలిస్తే ఏళ్లు గడిచేకొద్దీ దానంతటదే విరిగిపోతుంది. మా సజ్జ మీద వేసవిలో వేడి, వానాకాలంలో గోడ చెమ్మ. అంతకంటే ఏం కావాలి? అమ్మిన షాపువాళ్లను అడిగితే వాడకం వల్ల వచ్చిన నష్టమన్నారు. మొత్తం పదిహేను రోజులు వాడానని చెప్పినా వినలేదు, షాపు పేరు అనవసరం. కొత్తది కొన్నాక సజ్జ ఎక్కించలేదు, మడతపెట్టి కవర్లో దూర్చడం లేదు. కిటికీ లేని గదిలో హ్యాంగర్‌కు వేలాడుతోంది.

ప్యాంటు గురించి ఒక్క మాట. జీన్స్ వద్దు. పలచటి నైలాన్ ట్రెక్ ప్యాంటు, చలి పెరిగితే లోపల థర్మల్, అంతే. తొడలకు చలి పెట్టి ఆగిపోయిన వాణ్ని ఇంతవరకు చూడలేదు.

చేతులు, కాళ్ల కథ వేరు. సాంక్రీ సుమారు 1,950 మీటర్లు, కేదార్‌కంఠ శిఖరం 3,810. వెయ్యి మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే కింద సున్నా ఉన్న రాత్రి పైన మైనస్ 12, గాలి లెక్క వేరే. అర్ధరాత్రి దాటాక రెండున్నరకు బయల్దేరితే ఆ ఇగంలో రోడ్డు పక్కన 150 రూపాయలకు కొన్న ఉన్ని గ్లౌజులు మంచు తగిలి తడిసి, వేళ్లకు గడ్డకట్టాయి. ఇప్పుడు పలచటి గ్లౌజు లోపల, నీళ్లు దిగని వదులు గ్లౌజు పైన. కెమెరా తీయాలన్నా బూటు దారం కట్టాలన్నా పైది ఒక్కటే తీస్తే చాలు. మేజోళ్లు రెండు జతలు తొడిగి బూటులో ఇరికించడం ఇంకో పొరపాటు. బిగుతుకు రక్తం ఆడక వేళ్లు మొద్దుబారాయి, ఒక జత విప్పాకే మళ్లీ తెలివిలోకి వచ్చాయి. బూటు ఒక సైజు పెద్దది, మందం ఉన్ని మేజోళ్లు ఒకే జత.

అన్నిటికంటే నవ్వొచ్చే సంగతి మంకీ క్యాప్. హనుమకొండ చౌరస్తాలో 120 రూపాయలకు అమ్మ కొనిచ్చింది. ఫోటోల్లో బాగుండదని మొదటి ట్రెక్కులో సంచి అడుగున దాచాను. రెండో రోజు రాత్రి నుంచి ఈ రోజుదాకా అది లేకుండా టెంట్లో పడుకోలేదు. ఒకటే లోపం, నోటి దగ్గర ఊపిరి తగిలి తడిసి, నడిచేటప్పుడు అక్కడ మంచు పడుతుంది. అందుకే నడకకు మెడకు చుట్టుకునే గొట్టంలాంటి బట్ట, పడకకు మంకీ క్యాప్.

మొదటిసారి వెళ్లేవాళ్లు అన్నీ కొనకండి. మందపాటి జాకెట్, మంచులో బూటుకు తగిలించే ముళ్లు, మోకాళ్ల దాకా వచ్చే తొడుగులు సాంక్రీలోనే అద్దెకు దొరుకుతాయి. జిప్ పై నుంచి కింద దాకా రెండుసార్లు వేసి చూసి తీసుకోవాలి, నాకు ఒకసారి సగంలో ఆగే జిప్ వచ్చింది. ఒంటికి తగిలేవి, మేజోళ్లు, గ్లౌజులు మాత్రం సొంతవి.

వెళ్లే నెల ముందు అన్నీ తొడుక్కుని మా ఊళ్లో గుడి ఉన్న పద్మాక్షి గుట్ట ఎక్కడం నా అలవాటు. పోయిన నవంబర్‌లో అలాగే బూట్లు దించాను, 2018వి, చూడ్డానికి కొత్తవాటిలాగే ఉన్నాయి. సగం మెట్లెక్కాక కుడికాలు మెత్తగా ఏదో తొక్కినట్టయింది. చూస్తే బూటు నుంచి సోల్ విడిపోయి మడమ దగ్గర వేలాడుతోంది, మధ్యలోని నురగ పిండిలా రాలుతోంది. జాకెట్ పూతకు పట్టిన రోగమే దీనికీ. ఇంకో పది మెట్లకు ఎడమది కూడా ఊడింది. రెండు సోళ్లూ చేతిలో పట్టుకుని మేజోళ్లతో దిగుతుంటే, కింద కొబ్బరికాయలమ్మే అవ్వ చూసి, "చెప్పులు ఈడ్నే ఇడిసి ఎక్కాలె బిడ్డా, గవి మీదికెందుకు" అంది.